డంపుల గుట్టు తెలిసినవాడు బయటికి వెళ్తే: రియల్ ఐఆర్ఏ చీలికపై ఒక కేస్ స్టడీ

1997 అక్టోబర్‌లో ఐర్లాండ్ వాయవ్య మూలన ఉన్న డోనెగల్ కౌంటీలో బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లాండ్‌ను డబ్లిన్ రాజధానిగా ఉన్న స్వతంత్ర ఐర్లాండ్‌తో కలపడానికి పోరాడుతూ వచ్చిన ప్రొవిజనల్ ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) రహస్యంగా మహాసభ జరుపుకుంది. ఆ సంస్థకు అదే అత్యున్నత వేదిక. మహాసభ 12 మందితో ఎగ్జిక్యూటివ్‌ను ఎన్నుకుంటుంది. ఎగ్జిక్యూటివ్ ఏడుగురితో ఆర్మీ కౌన్సిల్‌ను ఎన్నుకుంటుంది. యుద్ధమా, విరమణా అన్నది రోజువారీగా తేల్చేది ఆ ఏడుగురు. సభ ముగిసేసరికి నాయకత్వానిదే పైచేయి అయింది, కాల్పుల విరమణ నిలబడింది. ఓడిపోయిన పక్షాన్ని నడిపించినవాడు మైకేల్ మెకెవిట్, సంస్థ క్వార్టర్‌మాస్టర్ జనరల్. ఆ నెలాఖరుకల్లా అతను, మరికొందరు ఎగ్జిక్యూటివ్ నుంచి తప్పుకున్నారు. తర్వాత ప్రపంచం రియల్ ఐఆర్ఏ అని పిలిచిన సంస్థ అలా మొదలైంది. పది నెలలకు ఓమా అనే చిన్న పట్టణంలో 29 మంది చనిపోయారు.

సాయుధ సంస్థల చీలికల మీద పనిచేసే నేను తరగతుల్లో ముందుగా తీసుకునే కేసు ఇదే. విలేకరులు వచ్చినా, కొత్తగా ఉద్యోగంలో చేరిన అధికారులు వచ్చినా, శాంతి కమిటీల్లో పనిచేసేవాళ్లు వచ్చినా దీంతోనే మొదలుపెడతాను. రహస్య సంస్థల గురించి మనకు తెలిసేది సాధారణంగా పుకార్లు, ప్రకటనలు, పోలీసు లీకులు. ఈ కేసులో మాత్రం చాలా విషయాలు కోర్టుల్లో ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యాలుగా, విచారణ నివేదికలుగా బయటికి వచ్చాయి. పైగా మనలో పాతుకుపోయిన ఒక అలవాటును ఈ కేసు నిలదీస్తుంది. చీలిక రాగానే అందరూ వేసే మొదటి ప్రశ్న ‘ఎంతమంది వెళ్లారు?’ ఐఆర్ఏ నుంచి వెళ్లినవాళ్లు కొద్దిమందే. అందుకే లండన్‌లో, డబ్లిన్‌లో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. వెళ్లింది ఎవరు, ఏం తెలిసినవాళ్లు వెళ్లారు అన్న ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగి ఉండాల్సింది.

అంతకుముందు చీలికలు

ఐఆర్ఏకు చీలికలు కొత్త కాదు. 1969 డిసెంబర్‌లో పాత ఐఆర్ఏ అఫీషియల్, ప్రొవిజనల్ అని రెండుగా విడిపోయింది. 1974లో అఫీషియల్స్‌లోని అసంతృప్తుల నుంచి ఐఎన్ఎల్ఏ అనే మరో సాయుధ సంస్థ వచ్చింది. 1986లో ఐఆర్ఏకు రాజకీయ పార్టీ అయిన షిన్ ఫేన్ మహాసభ డబ్లిన్ పార్లమెంటుకు గెలిచినవాళ్లు సభలో కూర్చోవచ్చని తీర్మానించింది. అప్పటిదాకా ఆ పార్లమెంటును గుర్తించకపోవడమే వాళ్ల సిద్ధాంతం. రూరీ ఓ బ్రాడీ వర్గం హాలులోంచి లేచి వెళ్లిపోయి రిపబ్లికన్ షిన్ ఫేన్ పెట్టుకుంది. దాని సాయుధ విభాగం కంటిన్యుయిటీ ఐఆర్ఏ.

1986తో 1997ను పోల్చి చూడకపోతే ఈ కేసు సగమే అర్థమవుతుంది. ఓ బ్రాడీ సామాన్యుడు కాదు. ఐఆర్ఏ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా, షిన్ ఫేన్ అధ్యక్షుడిగా పనిచేసినవాడు. సిద్ధాంత నిష్ఠలో అతన్ని వేలెత్తి చూపగలిగేవాళ్లు లేరు. పాతతరం ఆశీస్సులు కూడా అతనికే దక్కాయి. ఇంత ఉన్నా కంటిన్యుయిటీ ఐఆర్ఏ ఏళ్ల తరబడి దాదాపు కాగితం మీదే ఉండిపోయింది. ఆయుధాలు, వాటిని వాడే యూనిట్లు, దాచే ఇళ్లు, బాంబులు తయారుచేసే చేతులు అన్నీ ఉద్యమ నాయకులు జెర్రీ ఆడమ్స్, మార్టిన్ మెక్‌గిన్నెస్‌ల పక్షానే ఉండిపోయాయి. అప్పుడు మెకెవిట్ కూడా నాయకత్వంతోనే ఉన్నాడు. వెళ్లినవాళ్లకు సిద్ధాంతం మిగిలింది, సరంజామా మిగల్లేదు.

1997లో వెళ్లినవాడు సరంజామా మనిషి. క్వార్టర్‌మాస్టర్ జనరల్ అంటే సంస్థ ఆయుధాలన్నింటికీ బాధ్యుడు. నక్సల్ వార్తలు చదివినవాళ్లకు డంపు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఐర్లాండ్‌లో అలాంటి డంపులు పొలాల కింద కట్టిన బంకర్లలో, పశువుల కొట్టాల అడుగున, అటవీ భూముల్లో ఉండేవి. 1985, 1986లలో గడాఫీ ప్రభుత్వం లిబియా నుంచి ఓడల్లో పంపిన ఆయుధాలు ఐర్లాండ్ తీరానికి చేరాయి. కలాష్నికోవ్‌లు, హెవీ మెషీన్‌గన్లు, సెమ్టెక్స్ అనే ప్లాస్టిక్ పేలుడు పదార్థం వాటిలో ఉన్నాయి. 1987 నవంబర్‌లో ఎక్సుండ్ అనే ఓడను ఫ్రాన్స్ తీరంలో సుమారు 150 టన్నుల ఆయుధాలతో పట్టుకున్నారు. అంతకుముందు చేరినవి అప్పటికే భూమిలోకి వెళ్లిపోయాయి. ఎక్కడెక్కడికి వెళ్లాయో, ఏ ఇంటి యజమాని నమ్మదగినవాడో, ఏ యువకుడికి వైరింగ్ పని వచ్చో తెలిసిన కొద్దిమందిలో మెకెవిట్ ముందుంటాడు.

బయటికి వెళ్లేటప్పుడు అతను పెద్దగా ఆయుధాలు పట్టుకెళ్లలేకపోయాడు. ప్రొవిజనల్ నాయకత్వం నిల్వలను వెంటనే తన గుప్పిట్లోకి తీసుకుంది. కొద్దిపాటి సెమ్టెక్స్, డిటొనేటర్లు, కొన్ని తుపాకులు మాత్రం వెళ్లాయని ఆ తర్వాత దొరికిన వస్తువులను బట్టి తేలింది. నా దృష్టిలో వాటికంటే పెద్ద నష్టం సరిహద్దు ప్రాంతంలోని అనుభవజ్ఞులు కొందరు అతనితో నడవడం. కారు బాంబుకు లిబియా సరుకు అక్కర్లేదు, ఎరువుల దుకాణంలో దొరికే సరుకు చాలు. కావాల్సింది దాన్ని బాంబుగా మార్చడం తెలిసిన మనిషి.

గొడవ ఎక్కడ వచ్చింది

ఐఆర్ఏ 1994 ఆగస్టు 31న కాల్పుల విరమణ ప్రకటించింది. ఆయుధాలు అప్పగిస్తేనే చర్చలని లండన్ పట్టుబట్టడంతో 1996 ఫిబ్రవరి 9న లండన్ డాక్‌లాండ్స్‌లో లారీ బాంబు పేల్చి దాన్ని తెంచుకుంది. ఇద్దరు చనిపోయారు. 1997 మేలో టోనీ బ్లెయిర్ బ్రిటన్ ప్రధాని అయ్యాక పట్టు సడలింది. జులై 20న రెండో విరమణ మొదలైంది. చర్చల్లోకి రావాలంటే అమెరికా మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ రూపొందించిన ఆరు సూత్రాలను ఒప్పుకోవాలి. కేవలం శాంతియుత, ప్రజాస్వామ్య పద్ధతులనే పాటిస్తామని, చర్చల్లో తేలినదానికి కట్టుబడతామని, దాన్ని మార్చాలని బలప్రయోగానికి దిగబోమని వాటి సారాంశం. షిన్ ఫేన్ సెప్టెంబర్ 9న ఒప్పుకుంది.

మెకెవిట్ పక్షానికి ఇది గొంతులో ముల్లయింది. చర్చల్లో తేలేది ఏమిటో ముందే కనిపిస్తోంది: ఉత్తర ఐర్లాండ్ ప్రజల్లో మెజారిటీ ఒప్పుకుంటేనే దేశం ఏకమవుతుంది. అంటే విభజనను ఒప్పుకున్నట్టే అని వాళ్ల వాదన. లోపల తర్కం ఉన్న వాదనే అది. అయితే ఆ తర్కానికి జనంలో మద్దతు ఉందా అని అడిగే తీరిక వాళ్లకు లేకపోయింది, ఆ అవసరం ఉందని కూడా వాళ్లు అనుకోలేదు. సాయుధ పోరాటానికి అనుమతి ప్రజల నుంచి కాక 1916 తిరుగుబాటు నుంచి, 1919 నాటి తొలి ఐరిష్ పార్లమెంటు నుంచి వారసత్వంగా వస్తుందన్నది వాళ్ల నమ్మకం. ఈ నమ్మకం ఉన్నవాళ్లతో ఎన్నికల లెక్కలు చెప్పి వాదించడం దండగ. ఈ సంగతి చాలామంది మధ్యవర్తులకు ఆలస్యంగా తెలుస్తుంది.

1997 డిసెంబర్‌లో డబ్లిన్‌లో ‘32 కౌంటీల సార్వభౌమత్వ కమిటీ’ ఏర్పడింది. అది బహిరంగ వేదిక. దాని వ్యవస్థాపకుల్లో మెకెవిట్ సహచరి బెర్నడెట్ శాండ్స్ మెకెవిట్ ఉన్నారు. 1981లో జైల్లో నిరాహార దీక్ష చేసి చనిపోయిన బాబీ శాండ్స్‌కు ఆమె చెల్లెలు. సరిహద్దు దాటి పనిచేసే కమిటీల కోసం తన అన్న ప్రాణం ఇవ్వలేదని ఆమె బహిరంగంగా అన్న మాట ఐర్లాండ్ అంతా వినిపించింది. ఆ పేరుకు అంత బరువుంది. ఐతే శాండ్స్ దీక్షతో ఎదిగిన తరమే అప్పుడు షిన్ ఫేన్‌ను నడిపిస్తోంది. అమరుల పేరు ఇద్దరికీ ఉంది కాబట్టి ఆ ఒక్క పేరుతో కేడర్ కదల్లేదు.

సంస్థ పేరు కూడా అనుకోకుండా వచ్చిందే. ఉత్తర ఐర్లాండ్ సరిహద్దు ప్రాంతమైన దక్షిణ ఆర్మాలో ముసుగులు వేసుకున్నవాళ్లు రోడ్డు మీద వాహనాలు ఆపి తామే అసలైన ఐఆర్ఏ అని చెప్పుకున్నారు. పత్రికలు అదే ఖాయం చేశాయి. వాళ్లు మాత్రం తమను ఓగ్లీ న హేరన్ (ఐరిష్ భాషలో ‘ఐర్లాండ్ వాలంటీర్లు’) అనే పిలుచుకున్నారు. ప్రొవిజనల్స్ వాడుకునే పేరు కూడా అదే.

కేడర్‌ను నిలబెట్టుకున్న తీరు

పెద్ద చీలిక ఎందుకు రాలేదన్నది ఈ కేసులో తక్కువగా చర్చకు వచ్చే భాగం. నాకు మాత్రం ఎక్కువ ఉపయోగపడింది ఇదే. ఆడమ్స్, మెక్‌గిన్నెస్‌లు ఏళ్ల తరబడి ఒక్కో యూనిట్‌తో, ఒక్కో జైలు వింగ్‌తో విడివిడిగా మాట్లాడుతూ వచ్చారు. ఏ మలుపు దగ్గరా ‘యుద్ధం అయిపోయింది’ అనలేదు. సంస్థ చెక్కుచెదరలేదని, ఆయుధాలు చేతిలోనే ఉన్నాయని చెబుతూ నడిపించారు. షిన్ ఫేన్ మిచెల్ సూత్రాలకు ఒప్పుకున్న రెండు రోజులకే, వాటిలో కొన్నింటితో తమకు ఇబ్బంది ఉందని ఐఆర్ఏ ప్రకటించింది. బయటివాళ్లకు అది రెండు నాలుకల ధోరణిలా కనిపించింది, ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లోనే ఉండాలనే యూనియనిస్టులు మండిపడ్డారు. వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ ఆ అస్పష్టత లేకపోతే దక్షిణ ఆర్మా బ్రిగేడ్ మొత్తం మెకెవిట్ వెంట నడిచేదేమో. ఈ ప్రశ్న ముందు పెట్టినప్పుడల్లా తరగతి రెండుగా చీలిపోతుంది.

రెండో సాధనం ఖైదీలు. 1998 ఏప్రిల్ 10న ఆ చర్చల్లో కుదిరిన గుడ్‌ఫ్రైడే శాంతి ఒప్పందం ప్రకారం, విరమణ పాటించే సంస్థల ఖైదీలు రెండేళ్లలో బయటికి వస్తారు. పాటించని సంస్థల ఖైదీలకు ఆ అవకాశం లేదు. ఈ షరతు ప్రభావం చాలా పెద్దది. చీలిపోదామనుకున్న ప్రతి మనిషికీ జైల్లో ఒక అన్నో, బావమరిదో, చిన్ననాటి స్నేహితుడో ఉన్నాడు. వాడి విడుదల తేదీ దగ్గరపడుతోంది. 1998 మే 10న డబ్లిన్‌లో షిన్ ఫేన్ ప్రత్యేక మహాసభకు బాల్కంబ్ స్ట్రీట్ ఖైదీలను తాత్కాలిక విడుదల మీద తీసుకొచ్చారు. 1970ల్లో ఇంగ్లండ్‌లో బాంబు దాడులు చేసి రెండు దశాబ్దాలకు పైగా జైల్లో గడిపినవాళ్లు వాళ్లు. వేదిక మీద నిలబడగానే సభ లేచి నిలబడింది, చప్పట్లు ఆగలేదు. ఆ దృశ్యం టీవీలో చూసిన బాధిత కుటుంబాలు ఎంత నలిగిపోయి ఉంటాయో ఊహించుకోవచ్చు. హాల్లో కూర్చున్న కేడర్‌కు మాత్రం తమవాళ్లలోకెల్లా కరడుగట్టినవాళ్లే ఒప్పందం వైపు ఉన్నారని అర్థమైంది. ఆ రోజు సభ భారీ మెజారిటీతో ఉత్తర ఐర్లాండ్ కొత్త అసెంబ్లీలో కూర్చోవడానికి ఒప్పుకుంది.

మే 22న సరిహద్దుకు రెండు వైపులా రెఫరెండం జరిగింది. ఉత్తరాన 71.1 శాతం, దక్షిణాన 94.4 శాతం ఒప్పందానికి ఓటేశారు.

ఓమా

రియల్ ఐఆర్ఏ పద్ధతి మొదటి నుంచీ ఒకటే. పట్టణం నడిబొడ్డున కారు బాంబు పెట్టడం, ఫోన్ చేసి హెచ్చరించడం, దుకాణాలు కూల్చి ఒప్పందం విఫలమైందన్న భావన కలిగించడం. 1998 జనవరిలో బాన్‌బ్రిడ్జ్‌లో పెట్టిన బాంబును నిర్వీర్యం చేశారు. ఆగస్టు 1న అదే ఊళ్లో పెట్టింది పేలింది. జనాన్ని ఖాళీ చేయించడం ఇంకా పూర్తి కాలేదు, 30 మందికి పైగా గాయపడ్డారు, ఎవరూ చనిపోలేదు. అక్కడ అదృష్టం బాగుండి తప్పింది. హెచ్చరిక పద్ధతి పనిచేస్తోందని బాంబు పెట్టినవాళ్లు అనుకొని ఉంటారు.

రెండు వారాల తర్వాత, ఆగస్టు 15 శనివారం. టైరోన్ కౌంటీలోని ఓమాలో కార్నివాల్ వారం. బడులు తెరిచే రోజులు కావడంతో తల్లులు పిల్లలకు యూనిఫాంలు కొనడానికి వచ్చారు. సరిహద్దు అవతల కారిక్‌మాక్రాస్‌లో దొంగిలించిన వాక్స్‌హాల్ కావలియర్ కారుకు ఉత్తర ఐర్లాండ్ నంబర్ ప్లేట్లు తగిలించి, దాదాపు 500 పౌండ్ల పేలుడు మిశ్రమంతో మార్కెట్ స్ట్రీట్‌లో ఒక బట్టల దుకాణం ముందు నిలిపారు. మధ్యాహ్నం రెండున్నర దాటాక మూడు ఫోన్లు వచ్చాయి. రెండు అల్‌స్టర్ టీవీకి, ఒకటి కోల్రేన్‌లోని సమారిటన్స్ అనే సహాయ కేంద్రానికి. కోర్టు పేరు చెప్పారు, మెయిన్ స్ట్రీట్ అన్నారు. ఓమాలో మెయిన్ స్ట్రీట్ అనే వీధే లేదు. కోర్టు ఉన్నది హై స్ట్రీట్ ఎగువన. కారు ఉన్నది అక్కడికి సుమారు 400 మీటర్ల దిగువన.

పోలీసులు చేతిలో ఉన్న సమాచారంతో చేయగలిగింది చేశారు. కోర్టు చుట్టుపక్కల ఖాళీ చేయించి, జనాన్ని వీధి దిగువకు, మార్కెట్ స్ట్రీట్ వైపు పంపించారు. బాంబు బెదిరింపులు అలవాటైన ఊరు కాబట్టి ఎవరూ పరుగులు తీయలేదు. కాసేపట్లో మళ్లీ దుకాణాలు తెరుస్తారులే అని మాట్లాడుకుంటూ కారు చుట్టూ నిలబడ్డారు. 3 గంటల 10 నిమిషాలకు పేలింది.

29 మంది చనిపోయారు. ఒక తల్లి కడుపులోని కవలలు పోయారు. ఆ తల్లి, ఆమె తల్లి, ఏడాదిన్నర కూతురు ఒకేచోట చనిపోయారు, మూడు తరాలు. విహార యాత్రకు బస్సులో వచ్చిన స్పెయిన్ పిల్లవాడు, అతని బృందంతో వచ్చిన యువతి, డోనెగల్‌లోని బంక్రానా నుంచి వచ్చిన చిన్నపిల్లలు మృతుల్లో ఉన్నారు. కాథలిక్కులూ ఉన్నారు, ప్రొటెస్టెంట్లూ ఉన్నారు. 200 మందికి పైగా గాయపడ్డారు. టైరోన్ కౌంటీ ఆసుపత్రికి క్షతగాత్రులను సిటీ బస్సుల్లో కూడా తీసుకెళ్లారు. ఉత్తర ఐర్లాండ్‌లో మూడు దశాబ్దాల హింసలో ఒకే ఘటనలో ఇంతమంది ఎప్పుడూ చనిపోలేదు.

పౌరులను చంపాలని అనుకోలేదని రియల్ ఐఆర్ఏ ప్రకటించింది. దీన్ని విశ్లేషకులు కొందరు ‘పొరపాటు’ అని రాశారు. నేను ఒప్పుకోను. శనివారం మధ్యాహ్నం బజారు వీధిలో అంత పేలుడు పదార్థం నిలిపి, జనం ప్రాణాలను రెండు నిమిషాల ఫోన్ కాల్ స్పష్టతకు వదిలేసినవాళ్లు ఫలితాన్ని పొరపాటు అనే హక్కు కోల్పోతారు. చిన్న సంస్థ కావడం ఇందులో భాగమే. పెద్ద సంస్థలో రెక్కీ ఒకరు చేస్తారు, కారు ఒకరు నడుపుతారు, ఫోన్ చేసేవాడికి స్థలం తెలిసి ఉండేలా ఇంకొకరు చూస్తారు. ప్రొవిజనల్స్ అన్ని హంగులతో చేసిన దాడుల్లో కూడా హెచ్చరికలు విఫలమై జనం చనిపోయారు. చీలిక వర్గానికి మనుషులు తక్కువ, తొందర ఎక్కువ, తాము బతికే ఉన్నామని చూపించుకోవాల్సిన ఒత్తిడి ఇంకా ఎక్కువ. ఈ మూడూ కలిసిన చోట పౌరులకు ప్రమాదం మాతృ సంస్థ కాలం కంటే పెరుగుతుంది. ఒప్పందం కుదిరిన తర్వాతి ఏడాదిని అత్యంత ప్రమాదకరమైన కాలంగా చూడమని నేను చెప్పేది ఇందుకే.

తర్వాత జరిగినవి

ఆడమ్స్ ఈ దాడిని శషభిషలు లేకుండా ఖండించాడు. ఐఆర్ఏ దాడుల గురించి అలా మాట్లాడే అలవాటు అప్పటిదాకా ఆయనకు లేదు. మెకెవిట్ కుటుంబం ఉండే డండాక్ ప్రాంతంలో జనం వీధుల్లోకి వచ్చారు, వాళ్ల దుకాణం మూతపడింది. ప్రొవిజనల్స్ రియల్ ఐఆర్ఏ మనుషుల ఇళ్లకు వెళ్లి సంస్థను మూసేయమని హెచ్చరించారని పత్రికలు రాశాయి. ఐఎన్ఎల్ఏ ఆగస్టు 22న విరమణ ప్రకటించింది. రియల్ ఐఆర్ఏ మూడు రోజుల్లో చర్యలు ఆపి, సెప్టెంబర్ 8న విరమణ ప్రకటించింది. లండన్, డబ్లిన్ పార్లమెంట్లు హడావుడిగా సమావేశమై కఠిన చట్టాలు చేశాయి. ఐర్లాండ్ చట్టంలో ‘ఉగ్రవాదానికి దిశానిర్దేశం చేయడం’ అనే కొత్త నేరం చేరింది.

ఆ విరమణ నమ్మకంతో చేసింది కాదు, ఊపిరి తీసుకోవడానికి చేసింది. 2000లో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి లండన్ మీద దృష్టి పెట్టారు. 2000 జూన్‌లో హామర్‌స్మిత్ వంతెన, సెప్టెంబర్‌లో బ్రిటన్ విదేశీ నిఘా సంస్థ ఎంఐ6 ప్రధాన కార్యాలయం మీద రాకెట్, 2001 మార్చిలో బీబీసీ టెలివిజన్ సెంటర్ ముందు టాక్సీ బాంబు, ఆగస్టులో ఈలింగ్. కెమెరాలు ఎక్కువ ఉన్నచోట చిన్న దాడి కూడా పెద్దదిగా కనిపిస్తుంది, ఎవరూ చనిపోకుండానే ప్రచారం దక్కుతుంది. ఉత్తర ఐర్లాండ్‌లో జనం ముఖం తిప్పేసుకున్న సంస్థ లండన్‌కు వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

ఆయుధాల కరువు వాళ్లను బయటి దేశాలకు నెట్టింది, అక్కడే చిక్కుకున్నారు. 2001 జులైలో స్లొవేకియాలో ముగ్గురు సభ్యులు ఇరాక్ మనుషులనుకుని బేరం ఆడారు. అవతల ఉన్నది బ్రిటిష్ నిఘా సంస్థ పంపినవాళ్లు. ఇంకోవైపు మెకెవిట్ పక్కనే డేవిడ్ రూపర్ట్ అనే అమెరికన్ తిరిగాడు. ట్రక్కుల వ్యాపారం చేసి దివాలా తీసిన మనిషి, అమెరికా ఎఫ్‌బీఐ, బ్రిటన్ దేశీయ నిఘా సంస్థ ఎంఐ5 రెండింటికీ పనిచేశాడు. మన దగ్గర వాడే మాటలో చెప్పాలంటే కోవర్టు. సమావేశాల్లో కూర్చుని, బయటికి రాగానే ఈమెయిల్‌లో అన్నీ రాసి పంపేవాడు. డబ్లిన్ ప్రత్యేక కోర్టులో రోజుల తరబడి సాక్ష్యం చెప్పాడు. 2003 ఆగస్టులో మెకెవిట్‌కు కొత్త చట్టం కింద 20 ఏళ్ల శిక్ష పడింది. ఆ నేరం కింద ఐర్లాండ్‌లో శిక్ష పడిన మొదటి మనిషి అతనే. 2021 జనవరిలో చనిపోయాడు.

అప్పటికే సంస్థ లోపల ఇంకో చీలిక వచ్చింది. 2002 అక్టోబర్‌లో పోర్ట్‌లీషా జైల్లోని మెకెవిట్ వర్గం, బయటి నాయకత్వానికి ఇక నైతిక అర్హత లేదని, రద్దు చేసుకోవాలని కోరింది. బయటివాళ్లు వినలేదు.

2009 మార్చి 7 రాత్రి ఆంట్రిమ్‌లోని మసరీన్ బారక్స్ గేటు దగ్గర పిజ్జాలు తీసుకోవడానికి వచ్చిన సైనికుల మీద కాల్పులు జరిపారు. అఫ్గానిస్తాన్ బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న ఇద్దరు చనిపోయారు. పిజ్జాలు తెచ్చిన ఇద్దరూ గాయపడ్డారు. పత్రికకు ఫోన్ చేసిన మనిషి ఆ డెలివరీ కుర్రాళ్లను కూడా శత్రువుకు సహకరించినవాళ్లే అన్నాడు. రెండు రోజులకే కంటిన్యుయిటీ ఐఆర్ఏ క్రెయిగావన్‌లో ఒక కానిస్టేబుల్‌ను చంపింది. అప్పటికి ఉప ముఖ్యమంత్రిగా ఉన్న మెక్‌గిన్నెస్, ముఖ్యమంత్రి పీటర్ రాబిన్సన్, పోలీస్ చీఫ్ హ్యూ ఓర్డ్ పక్కన నిలబడి, ఈ పని చేసినవాళ్లు ఐర్లాండ్ ద్వీపానికి ద్రోహులని అన్నాడు. ఐఆర్ఏ కమాండర్‌గా పనిచేసిన మనిషి నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు. ప్రాణాపాయం తెలిసే అన్నాడు. చీలిక వర్గాన్ని ఒంటరిని చేయడంలో మాతృ సంస్థ గొంతుకు ఉన్న బలం ప్రభుత్వ ప్రకటనలకు ఉండదు.

హైదరాబాద్ చర్చల వెలుగులో

తెలుగు పాఠకులకు ఇందులో కొన్ని విషయాలు పరిచితంగా తోచాలి. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్ మంజీరా గెస్ట్‌హౌస్‌లో మావోయిస్టులు, జనశక్తి ప్రతినిధులతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాలుగు రోజులు చర్చలు జరిపింది. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక ఏళ్ల తరబడి చేసిన కృషి దాని వెనక ఉంది. ఊళ్లలోకి దళాలు ఆయుధాలతో రావడం దగ్గరే పీటముడి పడింది, 2005 జనవరిలో మావోయిస్టులు తప్పుకున్నారు. ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో కూడా పీటముడి అదే. తేడా ఎక్కడంటే, అక్కడ ఆయుధాల ప్రశ్నను ఒప్పందం తర్వాతికి నెట్టారు. ఐఆర్ఏ మొదటి విడత ఆయుధాలను పనికిరాకుండా చేయడం 2001 అక్టోబర్‌లో జరిగింది. కెనడా జనరల్ జాన్ డి చాస్ట్లైన్ పర్యవేక్షణలో 2005 సెప్టెంబర్‌లో పూర్తయింది. ఒప్పందానికీ ఆ పని పూర్తవడానికీ మధ్య ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో డంపులన్నీ మెకెవిట్ వారసుల పాలు కాకుండా కాపలా కాసింది ఐఆర్ఏ నాయకత్వమే. చర్చల తొలిరోజే ఆయుధాలు అడిగి ఉంటే ఆ కాపలా ఉండేది కాదు. హైదరాబాద్‌కు ఇదే మందు పనిచేసేదని నేను అనను. బెల్‌ఫాస్ట్‌లో ఇద్దరు ప్రధానులు, ఒక అమెరికా అధ్యక్షుడు వెన్నుదన్నుగా నిలబడ్డారు. ఓటుపెట్టెలో బలం ఉన్న షిన్ ఫేన్ లాంటి పార్టీ ఉంది. ఇక్కడ ఆ రెండూ లేవు.

తేలని లెక్కలు

ఓమా హత్యల నేరం కింద శిక్ష అనుభవిస్తున్నవాళ్లు ఎవరూ లేరు. ఒక నిందితుణ్ని 2007 డిసెంబర్‌లో నిర్దోషిగా వదిలేశారు. సాక్ష్యాలు సేకరించిన, భద్రపరిచిన తీరును న్యాయమూర్తి తీవ్రంగా తప్పుపట్టారు. కుటుంబాలు విసిగిపోయి విరాళాలు పోగుచేసి సివిల్ దావా వేశాయి. 2009 జూన్‌లో బెల్‌ఫాస్ట్ హైకోర్టు మెకెవిట్‌ను, మరో ముగ్గురిని బాధ్యులుగా తేల్చి 16 లక్షల పౌండ్ల పరిహారం ఇమ్మంది. బాధిత కుటుంబాలే సాయుధ సంస్థను కోర్టుకు లాగి గెలవడం ఎక్కడైనా అరుదు.

ప్రభుత్వాల వైపు లెక్క కూడా సరిగా లేదు. పోలీసు అంబుడ్స్‌మన్ నువలా ఓలోన్ 2001 డిసెంబర్‌లో ఇచ్చిన నివేదిక, దాడికి ముందు వచ్చిన సమాచారాన్ని పోలీసు నిఘా విభాగమైన స్పెషల్ బ్రాంచ్ సరిగా వాడుకోలేదని, అందాల్సినవాళ్లకు అందించలేదని చెప్పింది. పోలీస్ చీఫ్ తోసిపుచ్చారు. ఓమాలో కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఒకరు వేసిన పిటిషన్ మీద 2021లో హైకోర్టు, ఈ దాడిని ఆపగలిగే అవకాశం ఉండేదనే వాదనలో పస ఉందని అంది. దాంతో 2023లో లండన్ ప్రభుత్వం చట్టబద్ధ విచారణకు ఒప్పుకుంది. స్కాట్లండ్ న్యాయమూర్తి లార్డ్ టర్న్‌బుల్ దాన్ని నడుపుతున్నారు. 2025 మొదట్లో కుటుంబాలు ఒక్కొక్కటిగా వచ్చి తమ వాళ్లు ఎలాంటి మనుషులో చెప్పాయి. ఇరవై ఆరేళ్ల తర్వాత.

సంస్థ సంగతికొస్తే, రియల్ ఐఆర్ఏ 2012 జులైలో డెర్రీలోని ఒక ముఠాతో, మరికొన్ని చిన్న వర్గాలతో కలిసిపోయింది. పత్రికలు దాన్ని న్యూ ఐఆర్ఏ అంటున్నాయి. 2019 ఏప్రిల్ 18 రాత్రి డెర్రీలోని క్రెగన్‌లో పోలీసుల మీదికి కాల్చిన తూటా విలేకరి లైరా మెకీ ప్రాణం తీసింది. నాలుగు రోజులకు ఆమె స్నేహితులు ఎర్రరంగులో చేతులు ముంచి, ఆ సంస్థకు దగ్గరగా ఉండే పార్టీ కార్యాలయం గోడల మీద అద్దారు. లోపలివాళ్లు గుమ్మం దగ్గర నిలబడి చూశారు, ఆపలేదు. 2023 ఫిబ్రవరి 22న పిల్లలకు ఫుట్‌బాల్ శిక్షణ ఇచ్చి వెళ్తున్న ఒక సీనియర్ డిటెక్టివ్‌ను తన కొడుకు కళ్లెదుటే కాల్చారు. ఆయన బతికారు. అది జరిగింది కూడా ఓమాలోనే. బాధ్యత తమదేనని న్యూ ఐఆర్ఏ చెప్పుకుంది.